మొహం చూసి తెరుచుకునే ఫోను

జమీర్‌కు తాతలిచ్చిన పొలం లేదు, సొంతిల్లు లేదు, పదో తరగతి దాటిన చదువు లేదు. ఉన్నదల్లా ఒక మొహం. ఆ మొహం చూస్తే ఎవరికైనా సరే, వీడు మోసం చెయ్యడు అనిపించేది. ప్రొద్దుటూరులో ఫోన్ల షాపులకేం కరువు, అడుగుకొకటి ఉంది. అయినా జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ జనం బస్సెక్కి వచ్చి, అబ్దుల్ వాహిద్ షాపు మెట్లెక్కి, "జమీర్ ఉండాడా?" అనే అడిగేవాళ్లు. లేడంటే వచ్చిందాకా వీధిలో టీ తాగుతూ నిలబడేవాళ్లు. పదకొండేళ్లు గాజు బల్ల వెనక నిలబడి సంపాదించుకున్న ఆస్తి అది. ఆ ఆస్తిని ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురు కలిసి పగలగొట్టారు. ఎందుకు పగలగొట్టారో వింటే మీకూ ఒళ్లు మండుతుంది. మండాలనే చెబుతున్నాను.

ముందు జమీర్ అమ్మే పద్ధతి చెప్పాలి. వచ్చినవాళ్ల బట్టలు చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. జమ్మలమడుగు వైపు బండలు నునుపు పట్టేవాళ్ల వేళ్లమీద గీతలే ఉండవు, రాయితో పాటు అవీ అరిగిపోయి ఉంటాయి. వాళ్ల వేలు ఏ ఫోనూ గుర్తుపట్టదు. ఆ సంగతి తెలియకుండా వేలు పెట్టి తెరిచే ఫోను అంటగడితే పాపం కాదూ! వాళ్లకు చుక్కలు కలిపి తెరిచేలా పెట్టి ఇచ్చేవాడు. తోట పని చేసే చేతులైతే ఒక రకం, బడి పంతుళ్ల చేతులైతే మరో రకం. ఎవరికైనా అతను చెప్పేది మాత్రం నాలుగే నాలుగు ముక్కలు. "రెండు సిమ్ములు పడాల. బ్యాటరీ రెండు దినాలు రావాల. మోటారు పక్కన నిలబడినా మాట వినపడాల. కింద పడితే ఏడుపు రాకూడదు."

పన్నెండు వేల ఫోనులో ఈ నాలుగూ ఉన్నాయి. లక్షా ముప్పై వేల ఫోనులో మొదటి మూడూ ఉన్నాయనే అనుకోండి, నాలుగోది లేదు. కువైట్ నుంచి పెద్ద ఫోను తెచ్చుకున్నవాళ్లు కూడా ఆర్నెల్లు దాన్ని గుడ్డలో చుట్టి మోసీ మోసీ, విసిగిపోయి, జమీర్ దగ్గరికొచ్చి, "దీన్ని అమ్మిపెట్టప్పా, పడినా పరవాలేదనిపించేది ఒగటియ్యి" అనేవాళ్లు. అట్లా షాపులో చిన్న ఫోన్లు తెచ్చినవి తెచ్చినట్టు ఖాళీ అయ్యేవి. పెద్దవి గాజు పెట్టెలో దీపాల కింద కూర్చుని ఉండేవి.

యజమాని అబ్దుల్ వాహిద్‌కు అదే కడుపుమంట. కంపెనీ వాళ్లు నెలకు ఇన్ని పెద్ద ఫోన్లు అమ్మాలని లెక్క పెట్టారు, అమ్మితే దుబాయ్ తీసుకుపోతామన్నారు. సేటు మనసు అప్పటికే దుబాయ్‌లో దిగింది.

మార్చిలో ఒకరోజు చక్రాయపేట నుంచి ప్రకాశం అనే చీనీ, అంటే బత్తాయి తోట రైతు, భార్య యేసమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఏడు కాయకు మంచి ధర పలికింది. మనిషి నేరుగా గాజు పెట్టె దగ్గరికి పోయి, లక్షా ముప్పై వేల ఫోను ఉన్నచోట వేలు ఆనించాడు.

"ఇదియ్యప్పా. మా పక్క తోటోనికి ఉంది. వానికంటే నేనేం తక్కువనా?"

"తక్కువ కాదు మామా. దీన్ని యాడ పెట్టుకుంటావు?" అన్నాడు జమీర్.

"జోబులో."

"తోటలో వంగినావనుకో, జోబులోంచి యాడ పడతాది?"

"కాలవలో," అంది యేసమ్మ, మొగుడికంటే ముందు. "పోయినేడు రెండు పడినాయి."

"దీని అద్దం పగిల్తే ముప్పై వేలు అత్తా. ఆ దుడ్లకు ఇట్లాంటివి రెండొస్తాయి." జమీర్ పద్నాలుగు వేల ఫోను తీసి, పాట పెట్టి, శబ్దం వీధి దాకా పెంచి, ప్రకాశం చేతిలో పెట్టాడు. "ఇది పడితే తుడుసుకోని మళ్లీ జోబులో ఏసుకుంటావు. అది పడితే ఆ పూట అన్నం తినవు."

యేసమ్మ పకపకా నవ్వింది. ప్రకాశం కాసేపు గాజు పెట్టె వైపు ఆశగా చూసి, పద్నాలుగు వేలు చెల్లించి, మిగిలిన డబ్బు భార్య చేతికిచ్చి మెట్లు దిగాడు.

వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, అబ్దుల్ వాహిద్ కుర్చీలోంచి లేచొచ్చి జమీర్ చెంప ఛెళ్లుమనిపించాడు. ఊరికే తట్టడం కాదు, తల పక్కకు తిరిగిపోయేంత దెబ్బ. షాపులో ఇంకో ఇద్దరు కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లు గోడ వైపు తిరిగి కవర్లు చూస్తున్నట్టు నటించారు.

"లచ్చ రూపాయల బేరం కాళ్లతో తన్నినావు కదరా! నీ బీదోళ్ల ఫోన్లు ఇరవై అమ్మినా ఒక పెద్ద ఫోను మీద వచ్చేంత రాదు, తెలుసునా?"

"తోటలో పడితే మళ్లీ మన కాడికే వచ్చి ఏడుస్తాడు సేట్."

"ఏడిస్తే ఏడవనీ! అది కొన్నాక గదా!"

ఆ సాయంత్రం సేటుకు ఒక ఆలోచన తట్టింది. చెంపదెబ్బ కంటే ఆ ఆలోచనే చెడ్డది. గాజు పెట్టెలోంచి ఒక పెద్ద ఫోను తీసి జమీర్ ముందు పెట్టాడు. "నిన్ను సూసే గదా జనం వస్తాండారు. నీ చేతిలో ఇది కనపడాల. నువ్వే చిన్నది పట్టుకుంటే వాళ్లు పెద్దది యాల కొంటారు?" జీతం పదహారు వేలు. అందులోంచి నెలనెలా అయిదు వేలు కోత. ఫోను జమీర్ మొహం చూసి తెరుచుకునేలా పెట్టించాడు. మొహం పనిచెయ్యనప్పుడు కొట్టాల్సిన ఆరంకెల నంబరు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. వాయిదా తప్పితే తన ఫోనులోంచే దాన్ని నిలిపేసే ఏర్పాటు కూడా చేశాడు.

వద్దనొచ్చు కదా అని మీరంటారు. ఇంటి బాడుగా, ఇద్దరు పిల్లల ఫీజులూ నెత్తిమీద ఉన్నవాణ్ణి అడగండి, వద్దనడం ఎంత సులువో.

జమీర్ ఉండేది జమ్మలమడుగులో. రోజూ బస్సులో ప్రొద్దుటూరు పోయి రావాలి. ఆ రోజు నుంచి అతనికి బస్సులో కునుకు లేదు. చొక్కా జేబులో పెడితే వంగలేడు, ప్యాంటు జేబులో పెడితే కూర్చోలేడు. భార్య ఆస్మా ఆ ఫోనును చూస్తేనే మండిపడేది. "పిల్లోల్లను కూడా ఇంత పదిలంగా సూసుకోలేదు నువ్వు," అనేది. ఒకసారి బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఆగిపోయింది. మళ్లీ వెలిగించాక నంబరు అడిగింది. పొద్దున షాపు తెరిచి సేటు వచ్చేదాకా అది చేతిలో రాయే. నీ ఫోను నువ్వు తెరుచుకోవడానికి ఇంకొకడి వాకిట్లో నిలబడాలి, థూ!

ఏప్రిల్ వచ్చింది, క్రికెట్ ఆటలు మొదలయ్యాయి. ఆ నెలల్లో ఊళ్లో ఎవరెవరు ఎంతెంత పందెం పోగొట్టుకున్నారన్నదే మాట. పందేలు కట్టించుకునేవాణ్ణి బుకీ అంటారు. వాడి గొంతు అందరూ వింటారు, అదీ వాడు మార్చి మాట్లాడే గొంతే, మొహం ఎవరికీ తెలియదు. అంతా ఫోనులోనే నడుస్తుంది. పులివెందుల వైపు వాళ్లు నలుగురు, అట్లాంటి ఒక గొంతును నమ్మి పదకొండు లక్షలు పోగొట్టుకున్నారు. గెలిచిన రోజు ఆ గొంతు మూగబోయింది. వెతగ్గా వెతగ్గా ఎవడో చెప్పాడట, బుకీ జమ్మలమడుగు మనిషని, సన్నగా ఉంటాడని, రోజూ ప్రొద్దుటూరు పోతాడని. వాళ్లు జమ్మలమడుగు బస్టాండులో కాపు కాశారు. కాళ్లకు అరిగిన చెప్పులు, చేతిలో లక్షా ముప్పై వేల ఫోను ఉన్న సన్నటి మనిషి బస్సు దిగాడు. మా సీమలో క్రికెట్ రోజుల్లో అట్లాంటి మనిషి కనపడితే వచ్చే అనుమానం ఒకటే. వాళ్లకూ అదే వచ్చింది.

ఆదివారం షాపు సగం పూటే. ఒంటిగంటకు జమీర్ బస్సు దిగగానే ఎర్రచొక్కా వాడొకడు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏమన్నా, ఆ ఫోను శానా బాగుందే. యాడ కొన్న్యావు?"

"మా షాపుదేనప్పా. కావాల్నా?"

"మా పెద్దాయనకు కావాల. మైలవరంలో ఉండాడు. ఒగసారి సూపిస్తే ఇప్పుడే తీసుకుంటాడు. కారుంది, రా."

జమీర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఒక్క పెద్ద ఫోను అమ్మితే సేటు ఈ పీడను వెనక్కి తీసుకుంటాడేమో అనుకున్నాడు. పదకొండేళ్లలో ఎవరికీ పెద్ద ఫోను అంటగట్టని మనిషి, తన మెడలో గుదిబండ దించుకోవడానికి ఆ ఒక్కసారి ఆశపడి కారెక్కాడు.

మైలవరం డ్యామ్ దాటాక, నీళ్లు వెనక్కి తగ్గిన రాళ్ల మీద కారు ఆపారు. దిగగానే అడగలేదు, కొట్టారు. వాళ్ల తెలివితక్కువతనమంతా అక్కడే ఉంది. ముందు అడిగి తర్వాత కొట్టినా కథ వేరేగా ఉండేది. లావుపాటి వాడు వెనక నుంచి చేతులు విరిచిపట్టాడు. ఎర్రచొక్కా వాడు ఉంగరమున్న పిడికిలితో మొహం మీద గుద్దాడు, మళ్లీ గుద్దాడు. కుడికంటి పక్కన ఎముక విరిగిన చప్పుడు జమీర్‌కు లోపలి నుంచి వినపడింది. కింద పడ్డాక మిగిలిన ఇద్దరూ బూటు కాళ్లతో పక్కటెముకల మీద తన్నారు.

"మా పదకొండు లచ్చలు యాడరా?"

"ఏ లచ్చలప్పా? నేను ఫోన్లు అమ్ముకునేటోన్ని!"

"జీతమెంత?"

"పదారు వేలు."

"పదారు వేల జీతగానికి లచ్చా ముప్పై వేల ఫోనా?" నలుగురూ నవ్వారు. 

"సూడండప్పా, తెరిసి సూడండి. అందులో ఏమీ లేదు," అన్నాడు. ఆ మాటకు వాళ్లు సంతోషించి ఫోను అతని మొహం ముందు పెట్టారు. ఫోను చూసింది. కుడికన్ను మూసుకుపోయి, పెదవి చీలి, బుగ్గ ఉబ్బి ఉన్న ఆ మొహాన్ని అది ఎన్నడూ చూడలేదు. తెరుచుకోలేదు.

"మొగం సక్కగ పెట్రా!" అని చెంప మీద కొట్టాడు ఎర్రచొక్కా వాడు. ఆ దెబ్బకు మొహం ఇంకొంచెం వంకర పోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ తెరుచుకోలేదు.

"కావాలనే వంకర పెడతాండాడు రా!" మళ్లీ దెబ్బ.

అప్పుడు జమీర్ చేతులెత్తి దండం పెట్టాడు. "మొగం మీద కొట్టాకండప్పా! మీ కాళ్లు మొక్కుతా. కాళ్లు ఇరగ్గొట్టండి, ఈపు మీద కొట్టండి, మొగం మీద మాత్రం వద్దు. మొగంతోనే గదా అది తెరుచుకునేది!"

ఆ మాట లావుపాటి వాడికి కొంచెం అర్థమైంది. జుట్టు పట్టి నీళ్ల అంచుకు ఈడ్చుకుపోయి, రక్తమంతా కడిగి, తన తువ్వాలుతోనే అద్దాడు. మూసుకుపోయిన కన్నును రెండు వేళ్లతో బలవంతంగా విప్పాడు. జమీర్ పెట్టిన కేకకు ఒడ్డున కొంగలు లేచిపోయాయి. కన్ను విప్పి ఫోను పెట్టారు. లోపల ఉన్నది కన్నులాగా లేదు. అయిదుసార్లయ్యాక ఫోను ఇక మొహం వద్దంది, నంబరు కొట్టమంది.

"నంబరు చెప్పు."

"నా కాడ లేదు. సేటు కాడ ఉంది."

సొంత ఫోను నంబరు తెలియదంటే ఎవడు నమ్ముతాడు? ఎర్రచొక్కా వాడు కారు డిక్కీలోంచి ఇనుప కడ్డీ తెచ్చాడు. మొదటి దెబ్బకు ఎడమ మోచెయ్యి విరిగింది. రెండో దెబ్బకు దవడ. "ఫోను చెయ్యండి, సేటుకు ఫోను చెయ్యండి," అని నోట్లో రక్తంతోనే ముద్దముద్దగా సేటు ఫోను అంకెలు చెప్పాడు. చస్తానని అప్పుడే తెలిసిపోయింది అతనికి. ఆ ఆరంకెలు వినపడితే బతుకుతాడు, లేకపోతే లేదు. లావుపాటి వాడు తన చిన్న ఫోనులో కలిపి, గొంతు అందరికీ వినపడేలా పెట్టాడు.

"సేట్, నేను జమీర్‌ను. నంబరు చెప్పండి. సంపుతాండారు నన్ను."

అవతల అబ్దుల్ వాహిద్ అన్నం తింటున్నాడు. నమలడం వినపడింది. "ఎవరు వాళ్లు? ఫోను దొంగలా?"

"నంబరు చెప్పు సేటూ, అల్లా మీద ఆన!"

"చెప్తే ఫోను పాయె గదరా," అన్నాడు సేటు. "వాళ్లకు ఇయ్యాకు. గట్టిగ పట్టుకో." పెట్టేశాడు. పోలీసులకు చెప్పాడా? లేదు. ఎవరినైనా పంపాడా? లేదు. చెయ్యి కడుక్కుని, తన ఫోనులో ఏదో నొక్కాడు.

ఎర్రచొక్కా వాడు కడ్డీ తల మీదికి ఎత్తాడు. అప్పుడే పెద్ద ఫోను దానంతటది వెలిగి, అద్దమంతా ఎర్రగా అయ్యింది. లావుపాటి వాడు దాన్ని ఎత్తి, బడిపిల్లవాడిలాగా కూడబలుక్కుని చదివాడు. "ఈ ఫోను... వాయిదాల మీద తీసుకున్నది. బాకీ ఉన్నందున నిలిపివేయడమైనది. ప్రొద్దుటూరు షాపులో సంప్రదించగలరు." కింద సేటు నంబరు, షాపు పేరు ఉన్నాయి.

ఎర్రచొక్కా వాడు కడ్డీ దించాడు.

"బుకీ అయితే వాయిదాల మీద కొంటాడారా?" అన్నాడు లావుపాటి వాడు.

"వీడు కాదు," అన్నాడు ఇంకొకడు, నేల చూస్తూ.

ఎర్రచొక్కా వాడికి సిగ్గు రాలేదు, కోపం వచ్చింది. "మొదులే చెప్పొచ్చు కదరా, నీ యక్క!" అని ఇంకో తన్ను తన్నాడు. మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు కదా, చూశారా న్యాయం! పోతూ పోతూ ఫోనును జమీర్ గుండెల మీదికి విసిరేశాడు. "తీసుకో నీ వాయిదా ఫోను. దీని దుంపతెగ, మాకూ ఒక దినం దండగ." కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. వలలు ఆరేసుకుంటున్న చేపల వాళ్లు పరిగెత్తుకొచ్చి, అతన్ని ఆటోలో పడుకోబెట్టి, ఫోనును భద్రంగా జేబులో పెట్టి పంపించారు.

ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో మూడో రోజున డాక్టరు చెప్పాడు, కుడికన్ను ఇక లేదని, బుగ్గ ఎముక మునుపటిలా అతకదని. దవడ కదలకుండా తీగలు కట్టారు. ఆస్మా అద్దం దాచిపెట్టింది. కానీ జమీర్ స్టీలు గ్లాసులో చూసుకున్నాడు. చాలాసేపు చూసుకుని, గ్లాసు బోర్లించి, గోడ వైపు తిరిగాడు. ఈ మొహం చూసి ఇంకెవరు నమ్ముతారని ఏడ్చాడు. ఏడవడానికి కూడా ఒక కన్నే మిగిలింది.

నాలుగో రోజు అబ్దుల్ వాహిద్ ఆపిల్ పళ్లు తీసుకుని వచ్చాడు. మంచం దగ్గర నిలబడి జమీర్ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, "ఫోను యాడుందమ్మా?" అని అడిగాడు.

ఆస్మా మంచం కింది సంచిలోంచి తీసి ఇచ్చింది. సేటు చేతిరుమాలుతో ఎండిన రక్తం తుడిచి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం విప్పారింది.

"గీత కూడా పడలేదు. అంతా అల్లా దయ." అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీ పుణ్యాన ఏపారం మాత్రం పాయె జమీర్. ఈ సంగతి పులివెందుల దాకా పాకింది. పెద్ద ఫోను సూపిస్తే సాలు, 'వద్దు సేటూ, అది జోబులో ఉంటే కొట్టి సంపుతారు, పన్నెండు వేలదియ్యి' అంటాండారు. మొన్న ఒకడు లచ్చ ఫోను వాపసు తెచ్చి బల్ల మీద పెట్టిపాయె. ఇంక దుబాయ్ యాడిది! సరే, నీకు ఈ నెల కోత ఉండదులే."

"ఆ దినం నంబరు ఎందుకు చెప్పలేదు?" అంది ఆస్మా. ఇంట్లో మాట్లాడే ఉర్దూలో కాదు, వార్డంతా వినాలని తెలుగులో అడిగింది.

"చెప్పింటే ఫోను పొయ్యేది గదమ్మా." చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు సేటు. అతని గొంతులో తప్పు చేశానన్న జంకు ఇసుమంత కూడా లేదు. జమీర్ అదంతా ఎడమకంటితో చూస్తూ ఉన్నాడు.

ఆస్మా చెయ్యి చాచింది. చూడ్డానికి అడుగుతోందనుకుని సేటు ఫోను ఇచ్చాడు. ఆమె దాన్ని బిగించి పట్టుకుని, అంచుతో అతని నోటి మీద ఒక్క వేటు వేసింది. కుర్చీ వెనక్కి పడింది, ఆపిల్ పళ్లు మంచాల కిందికి దొర్లాయి. లేవబోతున్న మనిషి గడ్డం ఎడమచేత్తో పట్టుకుని బుగ్గ ఎముక మీద కొట్టింది, అదే చోట మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు ఏదో పగిలింది. నర్సులు పరిగెత్తుకొచ్చి నడుము పట్టి లాగేసరికి ఆమె మోచేతి దాకా రక్తం, అంతా సేటుదే. పక్క మంచాల వాళ్లు ఒక్కరూ లేచి ఆపలేదు.

ఆస్మా నర్సులను విదిలించుకుంది. నేల మీద నోరు మూసుకుని కూర్చున్న అబ్దుల్ వాహిద్ దగ్గరికి పోయి, అతని చెయ్యి లాగి, ఈ మూల నుంచి ఆ మూలకు అద్దం చీలిన ఫోనును ఆ అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు పడింది గీత. సూసుకో సేటూ."